మా మోటరు పరుగెత్తదు

దసరా ముందటి రోజు మోటరు టైర్లకు ఆముదం మసి పూయడం మా ఇంటి ఆచారం. ఎందుకు పూస్తామని నేను ఏనాడూ అడగలేదు. ఆచారాన్ని ఎందుకని అడగకూడదన్నది కూడా మా ఇంటి ఆచారమే. ఆముదం దీపం మీద మట్టి మూకుడు బోర్లిస్తే దానికి పట్టిన మసిని గీకి తీయాలి. వేడి చేసిన ఆముదంలో దాన్ని కలిపి, పాత పంచె ముక్కతో టైరు పక్కలకు గట్టిగా రుద్దాలి. నా చిన్నతనంలో ఆ పని మా డ్రైవరు ఖాజామియా చేసేవాడు. దసరాకే కాదు, మోటరు బయటికి వెళ్లే ప్రతి పొద్దూ చేసేవాడు. అతను పోయాక, మోటరును చెక్క దిమ్మెల మీదికి ఎక్కించాక, ఏడాదికి ఒకసారి నేనే చేస్తూ వచ్చాను. నలభై ఏళ్లు చేశాను. ఆ వాసన వేళ్లకు రెండు రోజులు ఉండేది. ఆ రెండు రోజులూ నాయన ఇంట్లో తిరుగుతున్నట్టే ఉండేది.

దాన్ని మేము కారు అనేవాళ్లం కాదు. కార్లు తరవాత అందరికీ వచ్చాయి. మోటరు వీపనగండ్ల చుట్టుపక్కల మా ఒక్క ఇంటికే ఉండేది. మా తాత కొన్నది. నల్లటి ఒళ్లు, ఇత్తడి హారను, పొడుగాటి ముక్కు, చిన్నప్పుడు నా నడుము దాకా వచ్చే చక్రాలు. ఇల్లు పోయింది, భూములు పోయాయి. అవి ఎట్లా పోయాయో ఇక్కడ రాయను, అది మా ఇంటి సంగతి. మోటరును మాత్రం పోనియ్యలేదు. ఇప్పుడు నేను వనపర్తిలో అద్దెకుంటున్న ఇంటి వెనక రేకుల కొట్టంలో ఉంది. దాని కొట్టానికి వేరే అద్దె ఎందుకు కడుతున్నావని అడిగిన వాళ్లకు నేను జవాబు చెప్పను.

మోటరు గురించి నాయన తరచుగా అనే మాట ఒకటుంది. "మన ఇంటి మోటరు పరుగెత్తదు." నాకు గుర్తున్నంతలో ఖాజామియా దాన్ని ఏనాడూ పరుగెత్తించలేదు. మోటరు పక్కన ఒక మనిషి చెమట పట్టకుండా నడిచి రాగలిగేవాడు. మలుపు తిరిగినప్పుడు టైరు మడ్‌గార్డుకు ఒరుసుకుని సన్నగా బుస కొట్టేది. అది మోటరు మాట్లాడటం అనుకునేవాణ్ణి. తొందరపడటం చిన్న ఇళ్ల పని అని నాకు ఎవరూ పక్కన కూర్చోబెట్టుకుని చెప్పలేదు, ఆ ముందు సీటులోనే నేర్చుకున్నాను. తరవాత ముప్పై ఏళ్లు సర్కారు బడిలో లెక్కలు చెప్పాను. ఒక్కనాడూ బస్సు వెంట పరుగెత్తలేదు. ఎన్నో బస్సులు నన్ను వదిలి వెళ్లాయి. వీపు వంచకుండా నిలబడి తరవాతి బస్సు కోసం చూశాను. పిల్లలు వెనక నవ్వుకునేవాళ్లని తెలుసు. అయినా నడక మార్చుకోలేదు.

ఇప్పుడు ఈ సంగతి ఎందుకు రాస్తున్నానంటే, మా అక్క మనుమరాలికి గద్వాలలో సంబంధం కుదిరింది. పెండ్లి అక్కడే, మొగపిల్లవాని ఊళ్లో. ఆ పిల్ల ఫోను చేసి, తాతా, నీ మోటరుల పోత, ఇంక దేంట్ల ఎక్క అంది. నాకు ఎంత సంతోషమైందో ఆ పిల్లకు తెలియనివ్వలేదు. సరే చూద్దాం అన్నాను. గంట తిరక్కుండా నాగర్‌కర్నూలులో కొడుకు ఇంటి నుంచి అక్క ఫోను. అక్కకు ఎనభై దాటాయి, చెవి తగ్గింది కాని గొంతు తగ్గలేదు. పిల్లను ఆ మోటరులో తీసుకపోతే తాను పెండ్లికే రానని చెప్పింది. బస్సులో కూడా రానంది. కారణం చెప్పలేదు. చెప్పే పనిలేదు. ఆ కారణం అరవై ఏళ్లుగా మా ఇద్దరి మధ్యా కూర్చునే ఉంది.

అక్క పెండ్లి కూడా గద్వాలలోనే జరిగింది. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు ఉంటాయి. తెల్లవారుజామునే బయలుదేరాం. ముందు సీటులో నాయనకు, ఖాజామియాకు నడుమ నేను. వెనక అమ్మ, మేనత్త, వాళ్ల నడుమ పసుపు చీరలో అక్క. కాళ్ల దగ్గర సారె పెట్టె. చుట్టాలు ముందునాడే ఎద్దుల బండ్ల మీద వెళ్లిపోయారు. మోటరు ఊరూరా ఆగింది. ఊరు రాగానే నాయన చేతికర్రతో ముందు అద్దం మీద చిన్నగా తట్టేవాడు. ఖాజామియా ఆపేవాడు. నాయన దిగి, తలపాగా సర్దుకుని, మోటరుకు పది అడుగుల దూరంలో చింతచెట్టు కిందనో, చావడి ముందరనో నిలబడేవాడు. జనం వచ్చి దండం పెట్టేవాళ్లు. నాయన దండానికి దండం పెట్టడు. చేతికర్రను నేల మీద నుంచి ఒక్క అంగుళం పైకి లేపుతాడు, అంతే. జొన్నలు ఎట్లున్నాయి, వాన ఎట్లుంది అని అడుగుతాడు. ఈలోగా ఖాజామియా బావిలో నుంచి నీళ్లు చేది, నాలుగు చక్రాల మీదా పోసేవాడు. కాలిన రబ్బరు వాసన, ఆముదం వాసన, తడిసిన దుమ్ము వాసన కలిసి లేచేవి. మోటరు శుభ్రంగా చేరాలని దుమ్ము కడుగుతున్నాడనుకున్నాను. నాకు ఆ ప్రయాణం ఎంత బాగుండిందో చెప్పలేను. ప్రతి ఊళ్లో నేను కూడా దిగి, నాయన పక్కన వీపు నిటారుగా పెట్టి నిలబడ్డాను.

వెనక కూర్చున్న అక్కకు మాత్రం పొద్దు ఎక్కుతున్నది కనిపిస్తూనే ఉంది. బీచుపల్లి వంతెన దాటేసరికే ఎండ నెత్తి మీదికి వచ్చింది. గద్వాల పొలిమేరలో ఎదురుకోళ్లకు వచ్చిన మగపెండ్లివారు చెట్ల నీడకు చేరి కూర్చున్నారు. షర్బతు వేడెక్కిపోయింది. డప్పులవాళ్లు డప్పులు తలకింద పెట్టుకుని నిద్రపోతున్నారు. ముహూర్తం దాటిపోయింది. అయ్యవారు పంచాంగం తిరగేసి, సాయంత్రం మరొక ముహూర్తం వెతికి పెట్టాడు. అక్క మామ పెద్దగా ఏమీ అనలేదు. ఆయన మా నాయన ఎదుటికి వచ్చి, అందరూ వినేటట్టు ఒక్క మాట మాత్రం అన్నాడు.

"బండ్ల మీద వచ్చిన మీ చుట్టాలు నిన్ననే దిగిండ్రు. మీరు గూడ బండి కట్టుకొని వస్తే ముందే వస్తుంటిరి గద."

నాయన, "మా మోటరు పరుగెత్తదు" అన్నాడు.

ఆ మాట విని నేను ఎంత గర్వపడ్డానో, అక్క అంత కుమిలిపోయింది. ఆ తరవాత అత్తగారింట్లో అన్నం ఆలస్యమైనా, బట్టలు ఆరకపోయినా, అక్కను మోటరుల వచ్చిన కోడలు అని దెప్పేవాళ్లు. నాయన చూడటానికి పోతే అక్క మంచినీళ్లు ఇచ్చేది, ఎదురుగా కూర్చునేది కాదు. నాయన పోయిన నాడు వచ్చింది, ఏడవలేదు. పక్కన కూర్చుని నాతో మెల్లగా, నా ముహూర్తం కంటె మీ నాయనకు దండాలే ఎక్కువైనయి అంది. మీ నాయన అంది, మన నాయన అనలేదు.

అందుకే నేను ఈసారి మోటరును కొత్త టైర్లతో, మంచి వేగంతో, ముహూర్తానికి రెండు గంటల ముందు గద్వాలలో నిలబెట్టాలనుకున్నాను. ఇంజనుకు ఏ లోపం లేదు, ప్రతి దసరాకూ తిప్పుతూనే ఉన్నాను. టైర్లే బీటలు వారి, వేలు పెడితే రాలుతున్నాయి. వనపర్తి బస్టాండు వెనక ఖాజామియా కొడుకు మహబూబుకు టైర్ల దుకాణం ఉంది. నాకంటె అయిదారేళ్లు చిన్న. ఇంకా నన్ను చిన్న దొర అని పిలిచే మనిషి ఈ ఊళ్లో అతనొక్కడే. అది అలవాటా, మర్యాదా, వెక్కిరింతా అని నేను తేల్చుకోదలచుకోలేదు. ఒక చక్రం విప్పించి ఆటోలో వేసుకుని అతని దగ్గరికి వెళ్లాను.

మహబూబు టేపు పెట్టి కొలిచి, పందొమ్మిది అంగుళాలు అన్నాడు. ఈ పాత కొలత టైర్లు ఇప్పుడు కార్లకు రావని, బయటి దేశం నుంచి తెప్పించాలని, పెండ్లి లోపల రావడం కష్టమని చెప్పాడు. ఇంకో దారి ఉందన్నాడు. చక్రాలు తీసేసి జీపు చక్రాలు పెడితే ఏ టైరైనా పడుతుందట. నేను అతని వైపు చూశాను. అతను ఆ దారి మాట మళ్లీ ఎత్తలేదు. కాసేపు చెవి గోక్కుని, మూడో దారి చెప్పాడు. కల్వకుర్తిలో ఈ కొలతవి ఎన్ని కావాలంటే అన్ని దొరుకుతాయి, రేపటికే తెప్పిస్తాను అన్నాడు. ఏం టైర్లు అవి అని అడిగాను.

"ఎద్దుల బండివి, దొరా."

నేను లేచి నిలబడ్డాను. మా తాత మోటరుకు ఎద్దుల బండి టైర్లు వేయమనేవాడు ఖాజామియా కొడుకు కాకపోతే, ఆ దుకాణం మెట్టు మళ్లీ ఎక్కేవాణ్ణి కాదు. మీ నాయన వింటే ఏమనేవాడు అని మాత్రం అడిగాను. మహబూబు తల దించుకున్నాడు. కోపం వచ్చిందనుకున్నాను. లోపలికి పోయి, గ్యాసునూనెలో ముంచిన గుడ్డ తెచ్చి, నేల మీద గొంతుక్కూర్చుని, నేను తెచ్చిన పాత టైరు పక్కను రుద్దడం మొదలుపెట్టాడు. ఆముదం, మసి, నలభై దసరాల నా చేతి పని, దానికింద ఖాజామియా చేతి పని, తారు ముద్దల్లా ఊడి వచ్చాయి. ఇనుప సీలతో గీకాడు. కింద నుంచి మూడు ఇంగ్లీషు అక్షరాలు లేచాయి. ఎ, డి, వి.

"గిది ఎద్దుల బండి టైరుకే ఏస్తరు, చిన్న దొరా. జంతువులు గుంజే బండి అని ఇంగ్లీషుల దానికి గురుతు. మీరు ఎక్కి తిరిగింది గీ టైర్ల మీదనే."

ఆ తరవాత అతను చెప్పినదంతా నిలబడే విన్నాను. అక్క పెండ్లికి ముందటి సంవత్సరం మోటరు టైర్లు ఒకదాని వెనక ఒకటి పగిలిపోయాయట. హైదరాబాదులో అడిగితే ఆ కొలత రావడం లేదన్నారట. మోటరు లేకుండా బిడ్డను సాగనంపితే మగపెండ్లివారి ముందు ఇంటి పరిస్థితి బయటపడుతుందని నాయన భయపడ్డాడట. ఆయనా, ఖాజామియా ఇద్దరే కల్వకుర్తి పోయి, గడ్డి బండిలో అడుగున పెట్టించి నాలుగు టైర్లు తెచ్చారట. బండి టైరు మోటరు వేగాన్ని తట్టుకోదు. మనిషి నడిచినంత మెల్లగా పోవాలి, బరువుంటే ప్రతి రెండు మైళ్లకు ఆపి నీళ్లు పోయాలి, చల్లారేదాకా కదలకూడదు. కొంచెం లావు కాబట్టి మలుపుల్లో మడ్‌గార్డుకు ఒరుసుకుంటుంది. నేను మోటరు మాట్లాడటం అనుకున్నది అదీ.

మరి ఇన్నేళ్లూ నాకెందుకు చెప్పలేదు అని అడిగాను.

"అబ్బాతోని పెద్ద దొర ఒట్టు ఏపిచ్చుకున్నడు. అబ్బా నాకు పానం పోయేటప్పుడు చెప్పిండు. మీరు ఎన్నడు అడగలే." గుడ్డను పక్కన పడేసి, "ప్రతి దసరాకు మీరు మసి పూస్తుంటే నాకు తెల్సే పూస్తుండ్రు అనుకున్న" అన్నాడు.

ఆచారం కదా అని పూశాను అన్నాను.

"ఆచారం గాదు, దొరా. అక్షరాలు కనవడొద్దని."

చక్రం నుంచి ఊడదీయించి టైరును తిరిగి ఇంటికి తెచ్చాను. మూడు రోజులు నా మంచం పక్కన గోడకు ఆనించి పెట్టుకున్నాను. అక్కకు చెప్పాలా వద్దా. చెప్తే నాయన మీద ఆమె కోపం పోవచ్చు. కాని అత్తగారింట్లో ఎన్ని మాటలు పడ్డా, నేను మోటరున్న ఇంటి బిడ్డను అని ఆమె లోపల పట్టుకుని నిలబడినది ఒక్కటే, అది కూడా పోతుంది. ఆమె బయలుదేరిన నాటికే మా ఇల్లు లోపల డొల్లైందని నా నోటితో నేనే చెప్పాలి. ఇన్నేళ్లలో ఆ మాట నేను ఎవరి ముందూ అనలేదు. నా ముందు నేను కూడా అనుకోలేదు. నాలుగో రోజు పొద్దున టైరును భుజానికి తగిలించుకుని బస్టాండుకు నడిచాను. నా సంచి నేనే మోయడం కూడా నామోషీ అనుకునే వాణ్ణి. కండక్టరు, తాతా, పంచరైన బండి ఏడ ఇడిసిపెట్టినవ్ అని అడిగాడు. బస్సంతా నవ్వింది. నాగర్‌కర్నూలు దాకా వెనక నిలబడి, టైరును పట్టుకునే వెళ్లాను.

అక్క వసారాలో కూర్చుని జొన్నపిండి జల్లెడ పడుతున్నది. టైరును చూసి, నన్ను చూసి, ఏంది తమ్మీ, దుకాణం పెట్టినవా అంది. నేను ఆమె ముందర టైరును పడుకోబెట్టి, పిండి అంటిన ఆమె వేలు పట్టుకుని ఆ మూడు అక్షరాల మీద పెట్టాను. తెల్లటి పిండి గీతల్లోకి దిగి అక్షరాలు ఇంకా బాగా కనిపించాయి. మహబూబు చెప్పినదంతా చెప్పాను. చెవి తగ్గింది కాబట్టి గట్టిగా చెప్పాల్సి వచ్చింది. అరవై ఏళ్లు దాచిన సంగతిని వీధికంతా వినపడేటట్టు చెప్పాను.

అక్క జల్లెడను ఒళ్లోకి తీసుకుంది.

"నీళ్లు పోసింది గందుకేనా?"

"గందుకే."

"మరి దండాలు?"

దానికి మహబూబు నాకేమీ చెప్పలేదు. అక్కకు జవాబు చెప్తూ చెప్తూ నాకే తెలిసింది. "చల్లారేదాక ఆగాలె గద, అక్కా. ఊకె ఆగితే జనం చక్రాల దిక్కు చూస్తరు. అందుకే దూరం పోయి నిలబడ్డడు. తన దిక్కు చూడాలని."

అక్క కొంగుతో ముఖం తుడుచుకుంది. పిండి చెంపకు అంటింది.

"నాకు చెప్తే ఏమాయె. బండి గట్టినా ఎక్కిపోతుంటి గదరా. ఆయనకంత పరేషాన్ ఎందుకు." అక్షరాల మీద మళ్లీ వేలు పెట్టి, "మా మామ బండి కట్టుకొని రాకపోతిరా అన్నప్పుడల్లా, నేను మోటరుల వచ్చిన బిడ్డను అని లోపల అనుకుంటుంటి. బండిలనే వచ్చిననా, తమ్మీ?" అంది. అప్పుడు నవ్వడం మొదలుపెట్టింది. నోట్లో ఉన్న నాలుగు పళ్లూ కనిపించేటట్టు, జల్లెడ ఒళ్లోంచి జారిపోయేటట్టు నవ్వింది. ఆ నవ్వు ఎప్పుడు ఏడుపైందో నేను చెప్పలేను. నాయన పోయిన నాడు ఏడవని ఏడుపు అని మాత్రం చెప్పగలను.

రొట్టె పెట్టి, నేను తింటుంటే, ఇప్పుడు ఏ టైర్లు ఏస్తున్నవ్ అని అడిగింది. బయటి దేశం నుంచి తెప్పించమని మహబూబుకు చెప్తానన్నాను, పెండ్లికి అందకపోయినా మోటరు గౌరవం మోటరుకు ఉండాలి కదా అన్నాను.

"అవి ఒద్దు. నాయన ఏసినయే ఎయ్యి. జర పొద్దుగాల్ల ఎల్లుదాం. నేను ముంగట కూసుంట."

కల్వకుర్తి నుంచి టైర్లు వచ్చాయి. ఎక్కించాక మహబూబు అలవాటుగా మసి ఏదని అడిగాడు. వద్దన్నాను. పెండ్లినాడు వనపర్తి నుంచి చీకటి పూర్తిగా విడవకముందే బయలుదేరాం. మహబూబు నడిపాడు. ముందు అక్క, వెనక పెండ్లిపిల్లా నేనూ. పిల్ల చేతిలో ఫోను పట్టుకుని అందరికీ చూపిస్తున్నది, ఏం బండి ఏం బండి అని అటు నుంచి ఎవరో అడుగుతున్నారు. ఒకప్పుడు ఆముదాలు, జొన్నలు తప్ప ఏమీ కనపడని నేల మీద ఇప్పుడు కాలువ నీళ్ల వరి, కంటికి ఆనినంత పచ్చగా. లారీలు, బస్సులు మమ్మల్ని దాటిపోతూ హారను కొట్టాయి. మలుపులో టైరు బుస కొట్టింది. అక్క వెనక్కి తిరిగి నా ముఖం చూసింది.

రెండు మైళ్లకోసారి ఆగుతూ పోయాం. పెబ్బేరు దాటాక ఒక పంపుసెట్టు దగ్గర మహబూబు మళ్లీ ఆపి, బకెట్టు తీసుకుని దిగాడు. అదే వాసన లేచింది, ఆముదం ఒక్కటే లేదు. రోడ్డు మీద పోయేవాళ్లు చాలామందే ఉన్నారు. ఎవరికీ ఆగే తీరిక లేదు. ఆగినా నేనెవరో వాళ్లకు తెలియదు. ఆ నడక, ఆ నిటారు వీపు నాకు బండి టైర్ల వల్ల వచ్చాయని ఇప్పుడు తెలుసు. తెలిసినంత మాత్రాన ఈ వయసులో వీపు వంగదు, నిటారుగానే సీటులో కూర్చుని ఉన్నాను.

"దిగు, తమ్మీ" అంది అక్క. "పోయి నిలబడు. చక్రాలు చూస్తరు."

దిగాను. మోటరుకు పది అడుగుల దూరం నడిచి, తుమ్మచెట్టు పక్కన, వెంట తెచ్చుకున్న నాయన చేతికర్ర ఆనించి నిలబడ్డాను. లారీ ఒకటి దుమ్ము లేపుకుంటూ పోయింది. ఎవరూ రాలేదు. దుమ్ము తగ్గాక చూస్తే, మోటరు ముందు సీటులో నుంచి అక్క నా వైపు తిరిగి, రెండు చేతులూ ఎత్తి, కళ్లు మూసుకుని దండం పెడుతున్నది. వెనక పిల్ల నవ్వుతున్నది. అక్క నవ్వడం లేదు. అది నాకు పెట్టిన దండం కాదని నాకు తెలుసు.

చేతికర్రను నేల మీద నుంచి ఒక్క అంగుళం పైకి లేపాను.